గడపలో అనాల్సిన మాట

2024 జూలై 11, గురువారం, సాయంత్రం ఆరున్నర. నల్లగండ్ల ఫ్లాట్లో దేవుని దగ్గర దీపం పెట్టి, మా వంశం పుస్తకం ముందేసుకొని కూర్చున్న. మా అత్తగారిది ఖాజాగూడ. ఆ ఇంట్ల పుట్టినోళ్లు, పోయినోళ్లు అందరి సంగతీ అందులో నేనే రాస్త.

ఆ రోజు చంద్రమ్మ వంతు. మా ఆయన చెల్లె. నలభై ఏండ్ల కింద బట్టల మూట ఎత్తుకొని చెరువుకు పోయింది. మళ్ల రాలేదు.

కోడలు కావ్య నా భుజం మీంచి చదివి నవ్వింది. “‘ఆమె వెళ్ళింది, మునిగింది’... ఏందత్తా, పోలీసు రిపోర్టు మాదిరుంది! ‘నేను’ అని రాయండి. ఇప్పుడే జరుగుతున్నట్టు రాయండి.”

“పోయినామెను ‘నేను’ అనొచ్చా తల్లీ?”

“రాసేదానికి ఏమైతుంది అత్తా!”

రాసిన. ‘నేను చంద్రమ్మను. మూట ఎత్తుకుంటున్న. గడప దాటుతున్న...’

అక్కడ కలం ఆగింది. ఆ రోజు గడపలో ఆమె “పోతున్న వదినా” అన్నది. మా ఇంట్ల ఎవరూ అట్ల అనరు; “పోయొస్త” అనాలె. వెనక్కి పిలిచి అనిపించాల్సింది నేనే. పొయ్యి మీద పాలు పొంగుతున్నయని ఊరుకున్న. ఇప్పుడు ఆ మాట రాయనీకి చెయ్యి రాలేదు. ‘పోయొస్త వదినా’ అని రాసిన.

బురద వాసన వచ్చింది. తొమ్మిదో అంతస్తుల... చెరువు బురద.

లిఫ్టు ఆగింది. ఆరేండ్ల మనుమరాలు పింకీ ఉరికి తలుపు తీసింది.

“నానమ్మా,” మెల్లగ అన్నది, “ఎవరో వచ్చిన్రు. మొత్తం తడిసిన్రు.”

బయట ఎవరూ లేరు. తడి అడుగులు... లోపలికే ఉన్నయి. పింకీ కాళ్ల దాకా వచ్చి ఆగినయి.

దేవుడా అనుకుంట కలం పట్టిన. ‘నేను’ కొట్టేసి ‘ఆమె’ అని రాసిన. ‘దాటుతున్న’ను ‘దాటింది’ చేసిన. ‘పోయొస్త’ కొట్టేసి, ఆమె అన్న మాటే పెట్టిన.

నా చెవి పక్కన పింకీ గుసగుస.

“పోతున్న వదినా.”

తెల్లారి స్కూలు వ్యాను హారన్ కొట్టింది. పింకీ బ్యాగును మూటలెక్క నెత్తిన పెట్టుకొని గడపలో నిలబడ్డది. నా కొడుకు సాయిచంద్ మోకాళ్ల మీద కూర్చొని బతిమాలిండు.

“పోయొస్త అను బిడ్డా. ఒక్కసారి అను.”

వాని భుజం మీంచి నా దిక్కు చూసింది. “పోతున్న.”

పింకీని లోపలికి గుంజి గడియ పెట్టినం. కావ్య తలుపుకు వీపు ఆనించి కూలబడ్డది. నేను పుస్తకం తెరిచిన. చంద్రమ్మ పేజీ కింద కొత్త వాక్యం. అక్షరాలు నావే. నేను రాయలేదు.

‘పింకీ నవ్వితే బుగ్గన సొట్ట పడేది.’

సిరా ఇంకా తడిగనే ఉంది.