పదీ పది గడియారం

ఒకటో తరగతి పిల్లల కుర్చీలో కూర్చుంటే ముప్పై ఏళ్ల మనిషి మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. ఆ సంగతి దయాకర్‌కు శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు తెలిసింది. ఒంటి మీద ఇస్త్రీ మడత నలగని నీలం చొక్కా, ఒళ్లో తువ్వాలులో చుట్టిన గడియారం, గుండెల్లో గుబులు. పక్కన మేనకోడలు చంద్రి మాత్రం దిగాలుగా కూర్చుని ఉంది. మనవాడు అది గమనించలేదు. అతని కళ్లు వేరేచోట ఉన్నాయి.

ఆ వేరేచోటు పేరు కల్పన టీచర్.

అక్క మాలతికి క్లినిక్‌లో డ్యూటీ, బావ సత్యప్రసాద్‌కు సైటు. అందుకని రోజూ చంద్రిని బడి దగ్గర దించి, గల్ఫ్‌లోని ఆ ఊరి పారిశ్రామికవాడ ముసఫ్ఫాలో ఉన్న వడ్రంగి వర్క్‌షాపుకు పోవడం దయాకర్ వంతు. ఏడున్నరకు గేటు దగ్గర కల్పన నిలబడి ఉంటుంది. నెల్లూరి పిల్ల, మాటకు ముందు నవ్వు వస్తుంది. మూడు నెలలుగా అతని నోటినుంచి ‘గుడ్ మార్నింగ్ మేడమ్’ తప్ప మరో ముక్క ఊడిపడలేదు.

అలాంటప్పుడు హోంవర్క్ వచ్చింది. పిల్లలు పేపర్ ప్లేటుతో గడియారం చేయాలి, రోజులో తమకు బాగా ఇష్టమైన సమయం అందులో చూపించాలి, ఎందుకిష్టమో శుక్రవారం ఇంట్లోవాళ్ల ముందు క్లాసులో ఒక వాక్యం చెప్పాలి. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుంటే చాలు, పని మాత్రం పిల్లలదే అని కింద గీత గీసి మరీ రాశారు. దయాకర్ ‘గడియారం’ అన్న మాట దగ్గరే చదవడం ఆపేశాడు. దేవుడే తన కోసం ఆ కాగితం పంపాడనుకున్నాడు.

దేరా బజారులోని వాచీ దుకాణాలకు షోకేసులు చేసే చేతులు అవి. రెండు సాయంత్రాలు వర్క్‌షాపులో కూర్చుని వాల్‌నట్ చెక్కతో చక్రం కోసి, ఇత్తడి అంకెలు పొదిగి, అద్దంలా పాలిష్ పెట్టాడు. ముళ్లు పదీ పది, అంటే పది గంటల పది నిమిషాల దగ్గర పెట్టి గ్లూతో బిగించాడు. దుకాణాల్లో ప్రతి గడియారం అలాగే ఉంటుంది, చూపుకు అందం. చంద్రి సొంతంగా చేసుకున్న పేపర్ ప్లేటు ఏమైందంటారా, కాసేపట్లో అదే బయటపడుతుంది.

పిల్లలు ఒక్కొక్కరే లేచారు. రమీజ్ ప్లేటుకు కూర మరక కూడా ఉంది. వాడి ముళ్లు ఎనిమిది గంటలు చూపిస్తున్నాయి, అప్పుడు నాన్న బండి హారన్ వినిపిస్తుందట. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత చంద్రి వంతు.

తువ్వాలు తీయగానే తల్లిదండ్రులంతా మెడలు సాచారు. దయాకర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కల్పన కళ్లు ఒక్క క్షణం పెద్దవయ్యాయి, అది చూసి అతనికి కడుపు నిండిపోయింది.

“టైమెంత, చంద్రీ?” అంది కల్పన.

చంద్రి నేల చూసింది, మామను చూసింది, మళ్లీ నేల చూసింది. కల్పన వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఇది నువ్వు చేసిందేనా అని మెల్లగా అడిగింది.

“నాది వేరే ఉండె టీచర్. మామ పారేసిండు. మంచిగ లేదన్నడు.”

క్లాసంతా వింది. నలుగురు తల్లులు, ఇద్దరు తండ్రులు, బల్ల శుభ్రం చేస్తున్న ఆయా కూడా విన్నారు. దయాకర్‌కు తల కొట్టేసినట్టయింది. చెవులు కాలిపోతున్నాయి. ‘రెండు ముళ్లూ కిందికి వేలాడుతున్నయి, ఏం బాగుంటది’ అని తానే అన్న మాట, చెత్తబుట్టలో ప్లేటు పడిన చప్పుడు, చంద్రి ఏమీ అనకుండా గదిలోకి వెళ్లిపోవడం అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

“ఇందులో ఎంతయిందండీ?” అని కల్పన అతన్నే అడిగింది.

“పదీ పది, మేడమ్. దుకాన్ల గట్లనే పెడ్తరు.”

“మా పిల్లలు ఇంకా గంట, అరగంట దగ్గరే ఉన్నారు. నిమిషాలు వాళ్లకు రావు.” ఆమె ముల్లును వేలితో తిప్పబోయింది. అది కదల్లేదు. గడియారం తెచ్చి అతని ఒళ్లో పెట్టి, చంద్రికి కొత్త ప్లేటు ఇచ్చింది. “మీరు పక్కనే కూర్చోండి. చేతులు మాత్రం కట్టుకోండి.”

ఎవరో కిసుక్కున నవ్వారు. అతను చేతులు కట్టుకున్నాడు.

చంద్రి గీసిన పన్నెండు పక్కకు ఒరిగింది. కత్తెర వంకరగా పోయింది. దయాకర్ వేళ్లు జిలపెట్టాయి, వాటిని తొడల కింద దాచుకున్నాడు. పెద్ద ముల్లు ఆరు మీదికి వచ్చింది. చిన్న ముల్లును చంద్రి ఆరుకూ ఏడుకూ నడుమ పెట్టి, నాలుక బయటపెట్టి కొలిచి, మళ్లీ రవ్వంత జరిపింది. తర్వాత లేచి నిలబడింది.

“ఆరున్నర. గప్పుడు మా మామ పనికాడికెళ్లి ఇంటికొస్తడు.”

చప్పట్లు మోగాయి. దయాకర్ కొట్టలేకపోయాడు. ఆ చెత్తబుట్టలో పడిన ఆరున్నర తనదే. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. తల ఎత్తితే అందరికీ కనబడతాయని బూట్లు చూస్తూ కూర్చున్నాడు.

బడి విడిచాక గేటు దగ్గర కల్పన కోసం నిలబడ్డాడు. పారిపోవాలనే ఉంది. కానీ చంద్రి అతని వేలు పట్టుకుని ఉంది.

“మేడమ్, తప్పయింది. గా గడియారం చంద్రి కోసం చెయ్యలే. మీరు చూడాల్నని చేసిన.”

ఈసారి కల్పన మాటకు ముందు నవ్వు రాలేదు.

“నాకు చూపించడానికి ఆ పిల్ల నోరు మూయించారు,” అంది. “మీ పనితనం నాకు నచ్చలేదనుకోవద్దు. నచ్చినందుకే ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. తిరగని ముళ్లతో మాకేం పనండీ?”

శని, ఆదివారాలు రెండు రోజులూ దయాకర్‌కు అన్నం సహించలేదు. చంద్రికి మాత్రం క్షమాపణ చెప్పుకున్నాడు. ఆమె ఆలోచించి, శిక్షగా అతనికో పేపర్ ప్లేటు ఇచ్చింది. “నువ్వు చెయ్యి. నేను పక్కన కూసుంట, చెయ్యి పెట్ట.” దుకాణాలకు షోకేసులు చేసే మనిషి ఆ ప్లేటుతో గంటసేపు తంటాలు పడ్డాడు. చంద్రి నిజంగానే చెయ్యి పెట్టలేదు.

సోమవారం చంద్రి రెండూ బడికి మోసుకెళ్లింది. ఒకటి చెక్క గడియారం. గ్లూ గీకి, స్క్రూ వేసి, ముళ్లు తిరిగేలా చేశాడు. రెండోది అతని ప్లేటు. గేటు దగ్గరి ఏడున్నర, చిన్న ముల్లు సరిగ్గా నడుమ. ఎందుకిష్టమో చెప్పే వాక్యం మాత్రం లేదు, రాయడానికి ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రం ఆరున్నరకు తలుపు తీయగానే చంద్రి ఎదురొచ్చింది.

“మామా, మన చెక్క గడియారం గోడకు పెట్టిన్రు. టీచర్ దాన్ని ఏడున్నరకు తిప్పింది. ఎందుకిష్టమో ఒక మాట చెప్పాలె గద, అందరం అడిగినం. టీచర్ చెప్పలే. మొకం ఎర్రగైంది. రేపు చెప్త అన్నది.”

దయాకర్ బూట్లు విప్పబోతూ ఒక కాలి మీదే నిలబడిపోయాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. మాలతి గుమ్మంలోకి వచ్చి తమ్ముణ్ని కిందినుంచి పైదాకా చూసింది.

“రేపు పొద్దున బడికి నేను గూడ వస్త,” అంది. “ఆ టీచరమ్మ ఏం చెప్తదో నేను గూడ వినాలె.”

అతను తల వంచుకున్నాడు. ఈసారి బూట్లు చూస్తూ నవ్వుతున్నాడు.