కాలువకు దిగ్బంధనం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! హసన్‌పర్తి శివారులో పట్టపగలే కారుచీకటి కమ్ముకుంది. మేఘాలు భీకరంగా గర్జిస్తున్నాయి... వేళ కాని వేళ ఎక్కడో గుడ్లగూబ కూస్తోంది.

పద్మలత మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ ఆఫీసర్. ఆమె ఎదుట శ్యాంసుందర్ అనుమతుల్లేకుండా వేసిన వెంచర్ ఉంది. వాన కాలువకు అడ్డంగా మట్టికట్ట పోసి, కట్ట దిగువన ఎండిన కాలువలోనూ గట్ల మీదా ప్లాట్లు కోసి అమ్ముకున్నాడా పెద్దమనిషి! కట్టకు ఎగువన నలభై గుడిసెలు. వాన దంచిందంటే నీళ్లు వెనక్కి తన్ని పసిపిల్లలతో సహా ముంచేస్తాయి. ఆలోపే కట్ట తెంచాలి.

కానీ కూలీలు అడుగు ముందుకు వెయ్యడం లేదు. కట్ట పొడవునా నెత్తురు పూసిన నిమ్మకాయలు... కింద కాలువలో, ముగ్గు మధ్య, కపాలం ముందు కంకాళనాథుడు! శ్యాంసుందర్ పిలిపించిన క్షుద్ర మాంత్రికుడు. కట్ట మీద జుట్టు విరబోసుకుని ఊగిపోతోంది మల్లక్క... ఆ గుడిసెల మనిషే. తన పిల్లలను ముంచే కట్టకు ఆమెనే, పూనకం పట్టించి, కాపలా పెట్టాడు ఆ మాంత్రికుడు, దుర్మార్గుడు! పద్మలతకు ఒళ్లు మండిపోయింది.

"కట్ట ముడితే నెత్తురు కక్కి సస్తవ్," అంది మల్లక్క, మగగొంతుతో.

పద్మలత కట్ట ఎక్కింది. గడ్డపార ఎత్తింది. ఒకటి... రెండు... మూడు పోట్లు! నెత్తురు పడలేదు, చెమట మాత్రం ధారలు కట్టింది.

కంకాళనాథుడు వికటాట్టహాసం చేశాడు. అష్టదిక్కులనూ బంధించానని, చీమ కూడా లోపలికి రాదనీ బయటికి పోదనీ హుంకరించాడు.

"నువ్వు గూడ శ్యాంసుందర్ చేసిన తప్పే చేసినవా?" అంది పద్మలత. "భూమిని ముక్కలు చేసేటోడు ముందుగాల దారి ఇడువాలె. నీళ్లకు, ఫైరింజనుకు, పాడెకు. మా రూల్ ఉన్నది గందుకే. లేచి పైకి రా."

ఫెళఫెళమని పిడుగు పడింది! ఆకాశం చిల్లుపడ్డట్టు కుంభవృష్టి... చూస్తుండగానే కట్ట వెనుక నీళ్లు నిలువెత్తు లేచాయి. పద్మలత మల్లక్కను గట్టు మీదికి లాగేసి, పట్టుకుని పైకి రమ్మని మాంత్రికుడి వైపు గడ్డపార చాచింది. వాడు లేచాడు... కానీ అడుగు కదల్లేదు! తాను కట్టిన దిగ్బంధనమే తన కాళ్లను కట్టేసింది. ఆ ఎర్రటి కళ్లలో మొదటిసారి ప్రాణభయం కనిపించింది.

కట్ట తెగింది! జలప్రళయం కపాలాన్ని, ముగ్గును, వాడి ఆర్తనాదాన్ని ఒక్క గుటకలో మింగేసింది.

మల్లక్క దబ్బున కూలబడింది. తెలివి వచ్చి మొదట గుడిసెల వైపే చూసింది. నీళ్లు గడపల దాకా వచ్చి వెనుదిరుగుతున్నాయి. పిల్లలు బతికారు. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

అప్పుడు వచ్చాడు శ్యాంసుందర్, కారు అద్దం దించి. సాయంత్రానికల్లా బదిలీ చేయిస్తానని బెదిరించాడు.

"చేయించుకో," అంది పద్మలత. "సాయంత్రం దాక నేనే ఆఫీసర్‌ను."

మల్లక్క లేచి జుట్టు ముడేసుకుంది. "గట్టు మీద ఇంక ఎన్ని హద్దురాళ్లున్నయి మేడం?"

"నూట అరవై."

మల్లక్క గడ్డపార తీసుకుని, శ్యాంసుందర్ చూస్తుండగానే మొదటి రాయి కింద దూర్చింది. అతను అరుస్తూనే ఉన్నాడు. కూలీలు ఒక్కొక్కరే చెప్పులు విడిచి గట్టెక్కారు.