పెద్దది వద్దు, చిన్నది చాలు

"నేను ఆ కారెక్కను! మీరంతా హాయిగా వెళ్ళిరండి. తిరిగొచ్చాక మాత్రం మనకి వేరే ఇల్లు చూడండి. అందరితో కలిసుండటం ఇంక నావల్ల కాదు!"

పెద్దకోడలు కాఫీ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టి అంది. అత్తగారు మోకాలికి రాసుకుంటున్న మందు చేతిలోనే ఉండిపోయింది. మరిది పేపరు చాటు నుంచి తల బయటపెట్టి, వదిన ముఖం చూసి, మళ్ళీ పేపరు చాటుకే వెళ్ళిపోయాడు. తోడికోడలు చంటివాడి నోటికి అందించబోయిన చెంచాని గాల్లోనే పట్టుకుని నిలబడిపోయింది. ఇక పెద్దకోడలి భర్త... పాపం, గభాలున లేచి నిలబడ్డాడు! ఇన్నేళ్ళ కాపురంలో భార్య గొంతు పెంచడం ఆయన ఎరగడు మరి.

"ఏమైందే ఇప్పుడు? ఎల్లుండి అందరం సముద్రానికి వెళ్దామంటే ముందు సరేనన్నది నువ్వే కదా!"

"అప్పుడు నాకు తెలియదు కనక అన్నాను."

"ఏం తెలియదు?"

"ఏమీ లేదులెండి!" అనేసి విసవిసా వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళిందేగాని, సింకులో నీళ్ళు వదిలి, ఆ చప్పుడు చాటున వెక్కివెక్కి ఏడ్చింది.

ఆవిడకి ఏం తెలిసిందో చెప్పాలంటే ముందు ఆ కారు సంగతి చెప్పాలి. ఏడుగురు పట్టే పెద్ద బండి అది. స్టీరింగు దగ్గర ఆయన. మోకాళ్ళ నొప్పి కాబట్టి పక్కన అత్తగారు. మధ్య వరసలో మరిది, తోడికోడలు, వాళ్ళ చంటివాడి చిన్న కుర్చీ. ఆ వెనక, సామాన్లూ ఆవిడా! కారు కొన్న కొత్తలో మధ్య సీటు ఆవిడదే. కొత్తకోడలు వచ్చిన మొదటి ప్రయాణంలోనే, చివర కూర్చున్న ఆ పిల్ల దారి పొడుగునా వాంతులు చేసుకుంది. చూడలేకపోయింది పెద్దకోడలు. "నువ్వు మధ్యలోకి రామ్మా, నేను వెనక్కి వెళ్తాను," అంది. అంతే! ఆ ఒక్క రోజు కోసం ఇచ్చిన సీటు మళ్ళీ తిరిగి రాలేదు. ఆవిడ అడగలేదు, ఎవరికీ గుర్తూ రాలేదు. మొన్నమొన్నటిదాకా పక్కన కూతురుండేది. అది హాస్టల్లో చేరాక ఆ చివరి సీట్లో ఆవిడకి తోడు ఒక తలగడ, నాలుగు సంచులు, మరిది ముచ్చటపడి డిక్కీలో పెట్టించిన పెద్ద స్పీకరు డబ్బా. పాటలో మాట ఒక్కటీ వినిపించేది కాదుగానీ, ఆ డబ్బా మాత్రం దబదబా ఆవిడ వీపుని బాదుతూనే ఉండేది.

సీటు పోతే పోయింది. అసలు బాధ అది కాదు. ముందు సీట్లో నవ్వు పుట్టేది, మధ్య సీటు దాకా వచ్చేది, అక్కడితో ఆగిపోయేది! ఆవిడ ముందుకి వంగి, "ఏంటి? ఏమన్నారు?" అని అడిగేది. అత్తగారు తల తిప్పకుండానే, "ఏమీ లేదులే!" అనేది. చెప్పిన జోకు మళ్ళీ చెప్పే ఓపిక ఎవరికుంటుంది? ఆవిడ కూడా నవ్వేది. అందరి నవ్వూ అయిపోయాక, ఎందుకో తెలియకుండా, ఒక్కతే.

ఆ నవ్వుల మధ్య అందరికన్నా గట్టిగా వినబడేది తోడికోడలి నవ్వే! "బావగారూ, ఆ పాట పెట్టండి!" అంటే చాలు, ఆయన పెట్టేసేవాడు. అద్దం సర్దుకుని మధ్య సీట్లో చంటివాడితో కబుర్లాడేవాడు. ఆ అద్దంలో ఆయన కళ్ళు చివరి సీటు దాకా ఏనాడూ రాలేదు. చూసీ చూసీ ఆవిడ కడుపు మండిపోయేది. ఛీ, మీరనుకునే అనుమానం కాదు, ఆయన అలాంటివాడు కాడు! ఒకప్పుడు ఈ ఇంట్లో ఏ మాటైనా ముందు తనకే చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఆ చోటు తోడికోడలిది. చెబితే ఎవరైనా నవ్వుతారు. చెప్పకపోతే గుండె బరువు.

ఆ ఇంట్లో కోడళ్ళని పేర్లు పెట్టి పిలిచే అలవాటు లేదు. "పెద్దదేదీ? చిన్నది తిందా?" అనడమే అత్తగారి వరస. అది విని విని ఇంట్లో అందరి నోటా పెద్దది అంటే పెద్దకోడలు, చిన్నది అంటే చిన్నకోడలు అయిపోయారు. కొంప ముంచింది ఆ పిలుపే.

నిన్న సాయంత్రం ఆరేసిన బట్టలు తీద్దామని ఆవిడ పెరట్లోకి వెళ్ళింది. గోడకి అవతల, కారు పక్కన నిలబడి ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"తేల్చేసుకున్నాను మాస్టారూ! పెద్దది వద్దు, తీసేద్దాం. ఎప్పుడు చూడు గరగరలాడటమే తప్ప దానివల్ల సుఖమేముంది? చోటు దండగ!... ఆ, చిన్నది చాలు. పక్కన చక్కగా ఒదిగిపోతుంది. గొంతూ తియ్యగా ఉంటుంది... ఇన్నాళ్ళూ పెద్దదాన్ని భరించాం కదా, ఇక చాలు!"

ఆవిడ చేతిలోని దుప్పటి నేలమీద పడిపోయింది. 'పెద్దది వద్దు... చోటు దండగ...' నిజమే, సామాన్ల మధ్య సామానులా కూర్చునేదానికి చోటు దండగ కాక ఏమవుతుంది? గరగరలాడుతుందట! ఏనాడు గరగరలాడింది తను? నోరు కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నందుకా ఈ బిరుదు! అసూయ చెవిలో దూరాక ఇంకో అర్థం తడుతుందా చెప్పండి? ఆ మాటలు అలాగే మింగి, తెల్లారాక కాఫీ గ్లాసుతో పాటు బల్లమీద పెట్టింది.

మధ్యాహ్నం వీధి గుమ్మం ముందు ఒక వ్యాను ఆగింది. కార్లలో స్పీకర్లు బిగించే మెకానిక్, ఒళ్ళో అట్టపెట్టెలతో దిగి, "సార్, వెనక సీటు కోసం తెచ్చినవి ఇవే!" అన్నాడు. ఆయన, "మెల్లగా, మెల్లగా!" అంటూ ఇంటివైపు చూసి అతన్ని కారు దగ్గరికి లాక్కుపోయాడు. వెనకే చిన్నది, చంటివాణ్ణి మొగుడి చేతిలో పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

కిటికీలోంచి చూస్తున్న పెద్దకోడలికి ఒళ్ళు భగ్గున మండింది. వాళ్ళ లెక్కలో వెనక సీటంటే మధ్య సీటే కదా! ఇల్లు రెండు ముక్కలవుతుంటే, ఈవిడగారికి చెవి పక్కన కొత్త పాటలు కావాల్సి వచ్చాయా! పొద్దున తను అంత ఏడుపు ఏడిస్తే ఒక్కరూ వంటింట్లోకి తొంగిచూడలేదు. దానికి మాత్రం అడిగిందే తడవుగా... ఓహో, ఏం భాగ్యం!

చాలాసేపటికి చప్పుళ్ళు ఆగాయి. మెకానిక్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు, ఆయనా చిన్నదీ లోపలికి వచ్చారు. ఇదే సమయమనుకుంది ఆవిడ. ఆ కారులో తనదంటూ ఉన్నది ఒక్క తలగడ. దాన్ని కూడా తెచ్చేసుకుంటే పీడా పోతుంది! గబగబా వెళ్ళి, మధ్య సీటు వంచి చివరికి దూరింది. తలగడ సీటుకింద ఎక్కడో ఇరుక్కుంది. మోకాళ్ళమీద కూర్చుని లాగుతుండగా ముందు తలుపులు రెండూ తెరుచుకున్నాయి. ఇంజను స్టార్టయింది. ఆయన గొంతు... చిన్నదాని గొంతు! ఆవిడ ఊపిరి బిగబట్టి సీటు చాటున అలాగే ఉండిపోయింది.

చిత్రం! ఎక్కడో ముందు మాట్లాడుకుంటున్న మాటలు సరిగ్గా ఆవిడ చెవి పక్కనే, పక్కన కూర్చుని చెబుతున్నంత స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"మైకు ఇదేనా బావగారూ? ఇక్కడ మాట్లాడితే అక్క సీటు దగ్గర వినపడుతుందా?"

"వినపడాలమ్మా. మన మాటలైనా, పాటలైనా అక్కడికి వెళ్ళేటట్టే పెట్టమన్నాను. డిక్కీలో ఉన్న పెద్ద డబ్బా తీయించేశాను. ఈ చిన్న స్పీకరు చాలన్నాడు మెకానిక్... ఇంతా చేసి ఏం లాభం? మనిషే కారెక్కనంటోంది. ఎందుకో కూడా చెప్పదు!"

చిన్నది ముక్కు చీదిన చప్పుడు కూడా ఆ స్పీకరులోంచే వచ్చింది.

"తప్పు నాదే బావగారూ. పెళ్ళయిన కొత్తలో నాకు కడుపులో తిప్పుతోందని అక్క లేచి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ నా సీటు నాకివ్వమని ఒక్కసారైనా అడగలేదు. నేనూ ఇస్తాననలేదు. మొన్న అక్క రానప్పుడు బాబు మధ్యలో పడుకుంటే నేను చివర కూర్చున్నాను చూడండి... మీరంతా ఒకటే నవ్వు! నాకొక్క ముక్క వినపడితే ఒట్టు. ఏంటని అడిగితే అత్తయ్య 'ఏమీ లేదులే' అంది. అంతే, ఏడుపొచ్చేసింది నాకు! ఒక్క పూటకే నాకలా ఉంటే అక్కకి ఎలా ఉంటుంది? మనం నవ్వాక ఆలస్యంగా నవ్వుతుంది చూశారా? ఏమీ అర్థం కాకపోయినా మన కోసం నవ్వుతుంది బావగారూ!"

"నేను చూడలేదమ్మా..." అన్నాడాయన. "అదే నా సిగ్గు. కట్టుకున్నవాణ్ణి, నేను చూడలేదు. నువ్వు చెప్పేదాకా నాకు తోచలేదు."

ఎట్టకేలకు ఊడొచ్చిన తలగడని గుండెకి హత్తుకుంది పెద్దకోడలు. ఎవరి పేరు చెబితే కడుపు మండిందో, ఆ పిల్లే! తను మనసులో ఎన్నెన్ని మాటలంది దాన్ని... ఒక్కొక్కటీ ఇప్పుడు తనకే తగులుతున్నాయి. పైకి ఏడిస్తే వినపడుతుందని నోరు నొక్కుకుంది. కన్నీళ్ళు మాత్రం ధారగా కారిపోతున్నాయి.

"సరే, ఒకసారి పరీక్షిద్దాం. నేను వెనక్కి వెళ్ళి వింటాను, నువ్వు మాట్లాడు," అన్నాడాయన.

"వద్దు వద్దు, మీరే మాట్లాడండి. నేను వెళ్తాను. అక్క వినేది మీ మాటే కదా!... ఏదీ, ఇక్కడినుంచే ఒకసారి అనండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "హలో... వినపడుతోందా?"

"వినపడుతోందండీ!"

చివరి సీటు చాటునుంచి వచ్చిన ఆ ఏడుపు గొంతుకి ఇద్దరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. చెదిరిన జుట్టుతో, ఒళ్ళో తలగడతో, ముఖమంతా కన్నీళ్ళతో లేచి కూర్చుంది ఆవిడ!

"నువ్వెప్పుడెక్కావే!"

"కారెక్కనన్నానుగా... తలగడ తీసుకుని దిగడానికే ఎక్కాను," అని ఏడుస్తూనే నవ్వేసింది. చిన్నది వచ్చి సీట్ల మధ్యనుంచి దూరి, "అక్కా!" అంటూ మెడ కావిలించుకుంది. "నన్ను క్షమించవే పిల్లా!" అంటూ ఆవిడ దాని తల నిమిరింది. ఎందుకు క్షమించాలో చిన్నదానికి తెలియదు. ఆవిడే చెప్పింది, గోడ చాటున విన్న మాటలన్నీ... పెద్దది వద్దు, చిన్నది చాలు, గరగర, చోటు దండగ! వింటున్నకొద్దీ ఆయన నోరు తెరుచుకుపోయింది. చిన్నది నవ్వలేక నవ్వలేక సీటులో వాలిపోయింది.

"స్పీకరునే తల్లీ! స్పీకరుని! నిన్ను తీసేసి నేనెక్కడ బతుకుతానే!" అని ఆయన రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, మైకుకి దగ్గరగా వంగి, "మరి ఇల్లు చూడమన్నావుగా. ఎన్ని గదులది చూడమంటావు?" అన్నాడు.

"ఉన్న ఇల్లు చాల్లెండి," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

సంగతి విని అత్తగారు నుదురు కొట్టుకుంది. "నా నోటి అలవాటు ఇంత పని చేసిందా! రేపట్నుంచి మిమ్మల్ని పేర్లు పెట్టే పిలుస్తానే!" అంది. అని అర్ధగంటైనా కాకముందే, "పెద్దదేదీ, నా మందు ఎక్కడ పెట్టిందో!" అని కేకేసింది. ఆ అలవాటు పోయేది కాదు.

అనుకున్న రోజుకే సముద్రానికి బయల్దేరారు. మధ్య సీటు తీసుకోమని చిన్నది బతిమాలింది. ఆవిడ ఒప్పుకోలేదు. "తిరిగొచ్చేటప్పుడు చూద్దాం, నీకు కడుపులో బాగుంటే," అంది. చివరి సీట్లో తలగడ వేసుకుని దర్జాగా కూర్చుంది. ఊరు దాటగానే చిన్నది, "బావగారూ, ఆ పాట..." అంది. పెద్దకోడలి గుండె ఒక్క క్షణం చివుక్కుమంది. ఎన్నాళ్ళ అలవాటు, ఒక్క స్పీకరుతో పోతుందా? కానీ ఈసారి ఊరుకోలేదు. "అదయ్యాక నాది పెట్టండి!" అని కేకేసింది. ఆయన అద్దాన్ని కాస్త పైకెత్తాడు. అందులో ఆయన కళ్ళు ఆవిడకి కనిపించాయి.

ఇంకాస్త దూరం వెళ్ళాక అత్తగారు కొడుకు వైపు వంగి, గొంతు తగ్గించి, "ఏమైనా పెద్దదానికి కోపమొస్తే ముక్కు మీద టమాటా పెట్టినట్టే ఉంటుందిరా. చూడ్డానికి బాగుంటుంది!" అంది. మైకు సంగతి అత్తగారు మరిచేపోయింది. వెనకనుంచి నవ్వు వినిపించింది. ఈసారి అందరికన్నా ముందు, ఒక్కతే, పగలబడి!

"ఏమైందే? ఎందుకలా నవ్వుతున్నావ్?" అంటూ అత్తగారు కంగారుగా వెనక్కి తిరిగింది.

పెద్దకోడలు తలగడమీద వెనక్కి వాలి, తీరిగ్గా అంది:

"ఏమీ లేదులెండి అత్తయ్యా!"