తోడు గొంతు

2079లో విశాఖలో ఎవరూ డాక్టరుకు జబ్బు సంగతి మొదటినుంచి చెప్పుకోవడం లేదు. ప్రతి ఆస్పత్రి గది గోడలోనూ ‘ఆరోగ్యసాక్షి’ ఉంటుంది. అక్కడ వినబడ్డ మాటల సారం తీసి, దేశంలోని ఆస్పత్రులన్నిటికీ అందిస్తుంది. ఒకే సంగతి ఎన్నిచోట్ల కనిపిస్తే దాని నమ్మకాంకం, అంటే ట్రస్ట్ స్కోర్, అంత పెరుగుతుంది.

ఆ యంత్రాన్ని రూపొందించిన డాక్టర్ సువర్చలకే ఆ రోజు గుండెలో నొప్పి. ఉద్యోగానికి సెలవు పెట్టి కూతురు చైత్ర ఆస్పత్రికి తోడు వచ్చింది.

“స్కాన్ అక్కర్లేదు. మీకు కంగారు ఎక్కువ. నమ్మకాంకం తొంభై తొమ్మిది,” అంది సాక్షి.

“ఎవరు చెప్పారు నీకు?”

సాక్షి ఒక పాత గొంతు వినిపించింది. సువర్చల భర్త శ్రీకర్ నవ్వుతూ అంటున్నాడు: “ఏం లేదు డాక్టర్ గారూ, ఈవిడకి ప్రతిదానికీ కంగారే.”

సువర్చలకు ఒళ్ళు మండిపోయింది. మొగుడు సరదాకి అన్న ముక్కను ఒక ఆస్పత్రి రాసుకుంది. మిగతావి దాన్నే ఎత్తి రాసుకున్నాయి. ఈ మొద్దు యంత్రం ఆ నకళ్ళన్నిటినీ వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కేసింది! తను వైద్యం చెయ్యదు, ఇంకో డాక్టరునూ చెయ్యనివ్వదు. అమ్మా పెట్టదు, అడుక్కునీ తిననివ్వదు.

“నొప్పి నాది! పక్కనున్నవాళ్ళు ఏది వాగితే అది రాసేసుకుంటావా? ఇకమీదట తోడొచ్చినవాళ్ళ మాట నమ్మకు. రోగి చెప్పిందే రాయి.”

“నియమం మార్చాను. పాత తప్పులు కూడా రోగి చెబితేనే దిద్దుతాను. మీకు స్కాన్ రాశాను.”

“చూశావుటే, గట్టిగా అడిగితేగానీ పని జరగదు,” అంటూ సువర్చల లేచింది.

చైత్ర లేవలేదు. “సాక్షీ, నా రికార్డులో ఉన్న గొంతు కూడా వినిపించు,” అంది.

“నెలనెలా ఇదే నాటకం డాక్టర్ గారూ. బళ్ళో పరీక్షలనగానే దీనికి కడుపునొప్పి వచ్చేస్తుంది.”

అది సువర్చల గొంతే. వెనక డాక్టరు నవ్వు కూడా వినబడింది.

“అప్పట్నుంచీ ఏ ఊళ్ళో చూపించుకున్నా నాటకమనే అంటున్నారమ్మా. మొన్న ఆఫీసులో స్పృహ తప్పి పడిపోయినా అదే మాట.” చైత్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సువర్చలకు తలకొట్టేసినట్టయింది. ఇందాకటి కోపం ఇప్పుడెవరి మీద చూపించాలి? “దిద్దు! వెంటనే దిద్దు!” అని యంత్రం మీదే అరిచింది.

“రోగి చెప్పాలి. చైత్ర గారూ, నొప్పి ఎక్కడ? ఎలా ఉంటుంది?”

చైత్ర నోరు తెరిచింది.

“పొత్తికడుపులో,” అంది సువర్చల. “మెలిపెట్టినట్టు ఉంటుంది. దానికి సరిగ్గా చెప్పుకోవడం రాదు.”

చైత్ర నోరు మూసేసుకుంది. సాక్షి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.