మూతపడని మాట

ఆ కాలంలో ఎవరూ ఎవరినీ "కోపమొచ్చిందా?" అని అడిగేవారు కాదు. అడగాల్సిన పనే లేదు. మాటలు ముగిసిన మరుక్షణం ఎదుటివారి మాటల పక్కనే వారి మనసు కూడా అచ్చయి వచ్చేది. "అబ్బే, ఏం పర్లేదండీ" అన్న మాటకు ముందొక 'చిరాకు', వెనకొక 'చిరాకు' కనబడేవి. మొహమాటం మీద బతికిన జాతి మనది. మొదటి రెండేళ్ళూ పెళ్ళిసంబంధాలు కుదరక పెద్దలు నానా తిప్పలూ పడ్డారు. ఆ తర్వాత మెల్లగా సర్దుకున్నారు.

దాని పేరు భావపత్రం. గొంతు దగ్గర రూపాయి బిళ్ళంత యంత్రం ఒకటి అతికించుకునేవారు. దాన్ని మాటబిళ్ళ అనేవారు. అది నాడిని, ఊపిరిని, గొంతులోని వణుకును పట్టి, ఏ మాట ఏ భావంతో అన్నారో గుర్తులు పెట్టేది. ఆ గుర్తులకు వాడింది ఎక్స్‌ఎంఎల్ అనే నూరేళ్ళ నాటి పద్ధతి. 'కోపం' అని ఒక ట్యాగు, అంటే గుర్తు, తెరిచి, కోపంగా అన్న మాటలు రాసి, కోపం అయిపోయిందని ఇంకో ట్యాగుతో మూస్తారు. తెరిచిన ప్రతిదాన్నీ మూసి తీరాలి. బెల్లం డబ్బాకు మూత పెట్టడం మరిచిపోతే తెల్లారేసరికి చీమలు పట్టినట్టే, ఒక్క మూత లోపిస్తే మొత్తం ఫైలు చదవడానికి పనికిరాదు.

ఇంకో నియమం కూడా ఉంది. సంభాషణ పూర్తిగా మూతపడేదాకా అందులో ఎదుటివారి భావాలు కనబడవు. మాట సగంలో ఉండగా మొగుడి మనసు పెళ్ళానికి కనబడితే ఒక్క కాపురమూ నిలవదని పెద్దలు ముందే గ్రహించారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళను మెచ్చుకోవాల్సిందే.

రెండువేల తొంభై ఏడులో ఈ వ్యవస్థలో తెలుగు భాగాన్ని చూసుకునే మనిషి పేరు కాంచన. వయసు యాభై తొమ్మిది. ఉండేది గురుగ్రహపు చందమామల్లో ఒకటైన కాలిస్టో మీద, మంచులో సగం పూడిన, కబుర్లు అందుకుని ముందుకు పంపే ఓ రిలే కేంద్రంలో. ట్యాగుల కట్టలు విప్పి అర్థం చెప్పే ప్రోగ్రాంను ఇంగ్లీషులో పార్సర్ అంటారు. తెలుగులో దానికి 'విప్పరి' అని పేరు పెట్టింది ఆవిడే. తెలుగు విప్పరి ఉన్న లైబ్రరీ, అంటే ప్రోగ్రాంల కట్ట, మొత్తం ఆవిడ ముప్పై ఏళ్ళ కిందట చేత్తో రాసిందే. ఇక రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా కూర్చే కంపైలర్‌ను 'కూర్పరి' అనేవారు. దానికి గొంతు కూడా ఉంది. ఎనిమిదేళ్ళుగా ఆ కేంద్రంలో కాంచనతో మాట్లాడే గొంతు అదొక్కటే.

ఒక సోమవారం పొద్దున ఆవిడ ఉప్మా తింటుండగా చంద్రుడి మీది ప్రధాన కార్యాలయం నుంచి భానోజీ కబురు వచ్చింది. భానోజీ అక్కడి మేనేజరు, నలభై దాటినవాడు, కంగారు మనిషి. అక్కడన్న మాట ఇక్కడికి చేరడానికి నలభై నిమిషాలు పడుతుంది కాబట్టి వాదించుకోవడం కుదరదు. ఎవరి గోల వాళ్ళు చెప్పుకుని ఊరుకోవాలి.

"కాంచనగారూ, కొంప మునిగిందండీ. కూర్పరి కొత్త వెర్షన్ వచ్చింది కదా, అది పాతదానిలా చూసీచూడనట్టు పోవట్లేదు. మూతపడని ట్యాగు ఉందంటే మొత్తం ఫైలును చెత్త కింద లెక్కేస్తోంది. మిగతా భాషలన్నీ శుభ్రంగా ఉన్నాయి. మన తెలుగులోనే నలభై వేల మూడువందల పన్నెండు ఫైళ్ళు తన్నేశాయి. వారం రోజులు గడువిచ్చారు. సోమవారానికల్లా బాగుపడకపోతే చెరిపేస్తారట. ఒక్కో ఫైల్లో ఇద్దరు మనుషుల జీవితకాలపు మాటలున్నాయండీ. మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

కారణం కనుక్కోవడానికి ఒక పూట పట్టిందని కాంచన రిపోర్టులో రాసింది. నిజానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఇంటిదొంగను పట్టుకోవడానికి ఎంతసేపు? ఆ నలభై వేలలో ఒక ఫైలు ఆవిడదే. ఆవిడదీ, ఆవిడ భర్త సింహాద్రిదీ. ఇరవై రెండేళ్ళ మాటలు.

సంగతేమిటంటే, ఇంగ్లీషువాడు 'బై' అంటే సంభాషణ అయిపోయినట్టే. మనం అలా కాదు. మనలో 'వెళ్తున్నాను' అనడం అశుభం, 'వెళ్ళొస్తాను' అంటాం. అవతలివాళ్ళు 'వెళ్ళిరా' అనాలి. అప్పుడుగాని ఆ గడప దాటడం పూర్తి కాదు. లైబ్రరీ రాసే రోజుల్లో కాంచన ఈ మర్యాదను ముచ్చటపడి నియమంగా పెట్టింది. 'వెళ్ళొస్తా' ట్యాగు తెరుస్తుంది, 'వెళ్ళిరా' మూస్తుంది. పోయిరా, మంచిది, జాగ్రత్త, ఆఖరికి 'ఊఁ' అన్నా చాలు. ఒకవేళ జవాబు చెప్పకపోయినా ఆ ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోగానే పాత మూత దానంతటదే పడుతుంది. ఇవేవీ జరక్కపోతే ఏం చేయాలో మాత్రం రాయలేదు. ఆ చోట ఒక వ్యాఖ్య రాసి వదిలేసింది: 'తెలుగువాళ్ళలో జవాబు చెప్పకుండా పంపేవాళ్ళుంటారా?'

ఉంటారు. నలభై వేల మూడువందల పన్నెండు మంది ఉన్నారు. ఆఖరిసారి వెళ్తున్న మనిషికి, అది ఆఖరిసారని తెలియక, కనీసం 'ఊఁ' అయినా అనని వాళ్ళు.

మధ్యాహ్నానికి భానోజీ దగ్గర్నుంచి ఉపాయం కూడా వచ్చేసింది. "ఏముందండీ, లైబ్రరీలో ఒక్క లైను చేరిస్తే పోలా? జవాబు లేనిచోట మనమే 'వెళ్ళిరా' అని పెట్టేద్దాం. ఎవరు చూడొచ్చారు?"

కాంచన ఆ లైను పది నిమిషాల్లో రాసింది. రాసి, పరీక్షకు తన ఫైలునే పెట్టింది.

"జవాబు చెప్పినవారు ఎవరు?" అని అడిగింది కూర్పరి.

"కాంచన."

"గొంతు ఆనవాలు దొరకలేదు. ఆ మాట మీరన్నారా?"

"అన్నట్టు రాసుకో."

"రాసుకుంటాను. మీరు చెబితే నలభై వేల మంది పేరునా రాస్తాను. దానికి భావం ట్యాగు ఒకటి కావాలి. అనని మాటకు ఏ భావం పెట్టమంటారు?"

"నీకెందుకే ఆ ఆరాలన్నీ!" అని కసిరింది కాంచన. కసిరిందేగాని చెయ్యి ముందుకు పోలేదు. ఆ రోజు తను ఏమీ అనలేదని తనకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

ఎనిమిదేళ్ళ కిందట ఆ ఇద్దరికీ కాలిస్టోలో ఉద్యోగపు గడువు అయిపోవచ్చింది. పక్క చందమామ గనిమీడ్ మీది నగరానికి మారిపోదామని సింహాద్రి ఏడాదిగా ఊరిస్తున్నాడు. అక్కడ బజారుంది, మనుషులున్నారు, పక్కింటివాళ్ళతో తగవులాడుకోవచ్చు. కాంచన సామాను సర్దడం కూడా మొదలుపెట్టింది. ఆ పొద్దున వంకాయ కూర వడ్డించుకుంటూ సింహాద్రి, ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉంటామని సంతకం పెట్టేశానని చెప్పాడు. ఆవిడను ఒక్క మాట అడగలేదు. కాంచనకు ఒళ్ళు మండిపోయింది. గోడవైపు తిరిగి కూర్చుంది. యాంటెనా మీద పేరుకున్న మంచు గీకడానికి బయల్దేరుతూ అతను తలుపు దగ్గర "ఎల్లొస్తానే" అన్నాడు. ఆవిడ తల తిప్పలేదు. రెండు గంటల తర్వాత యాంటెనా కింది మంచు పగిలి అతను లోపలికి జారిపోయాడు. మనిషి దొరకలేదు.

ఆ ఆఖరి మాట ఏ భావంతో అన్నాడో ఇప్పటిదాకా కాంచనకు తెలియదు. ఫైలు మూతపడలేదు కాబట్టి కనబడదు. 'బాధ' అయి ఉంటుందని కొన్నాళ్ళు అనుకుంది. జవాబు కోసం గుమ్మంలో ఆగి ఎదురుచూశాడేమో, అది 'ఆశ' ఏమో అని కొన్నాళ్ళు కుమిలింది. వెళ్ళిపోదామని నాలుగుసార్లు అర్జీ రాసి నాలుగుసార్లూ చించేసింది. అతన్ని ఆ మంచులో వదిలి తానెక్కడికి పోతుంది?

ఆవిడ రాసిన లైను కొట్టేసి భానోజీకి కబురు పెట్టింది. "దొంగ జవాబులు నేను పెట్టను. ఎవరి జవాబు వాళ్ళే చెప్పాలి. నలభై వేల మందికీ నోటీసు పంపండి. 'ఫలానా వారు వెళ్ళొస్తానన్నారు, మీరు బదులు చెప్పలేదు, ఆదివారం లోపల చెప్పవచ్చు' అని. గొంతు వినగానే మూత పడేటట్టు లైబ్రరీ మార్చాను."

"పోయినవాళ్ళకు జవాబు ఎవరు చెప్తారండీ? నవ్విపోతారు" అన్నాడు భానోజీ. కానీ పంపాడు.

మొదటి రోజు పదకొండు మంది చెప్పారు. రెండో రోజు తొమ్మిది వేలు. కాకినాడ నుంచి ఒక పెద్దాయన, "ఆ రోజు నేను మా తమ్ముణ్ణి 'తగలడు' అన్నానమ్మా, అది జవాబు కిందికి రాదా?" అని నిలదీశాడు. రాదు బాబాయిగారూ అని కాంచన బదులు పంపింది. అంగారకుడి మీది ఒక గని కార్మికురాలు తల్లికి జవాబు చెప్పడానికి మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ ఏడుపు తప్ప మాట రాక, నాలుగోసారి చెప్పింది. గురువారం భానోజీ కూడా తండ్రికి చెప్పుకున్నాడు. పదేళ్ళ కిందటి మాటట.

చిత్రమేమిటంటే జవాబు చెప్పి ఫైలు చూసుకున్నవాళ్ళు మళ్ళీ కిక్కురుమనలేదు. కృతజ్ఞతలు లేవు, ఫిర్యాదులు లేవు. భానోజీ అంతటి వాగుడుకాయ కూడా ఆ రోజు నుంచి పనికి సంబంధించిన రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటున్నాడు. ఏం చూసి ఉంటారా అని జంకి కాంచన తన ఫైలు జోలికి పోలేదు.

ఆదివారం మధ్యాహ్నం కూర్పరి పలికింది. "ఇంకా రెండువందల పన్నెండు మిగిలాయి. అందులో రెండువందల పదకొండింటికి జవాబు చెప్పాల్సిన మనుషులు కూడా ఇప్పుడు లేరు. వాటిని విడిగా భద్రపరచమని భానోజీగారు అనుమతి తెచ్చారు. మిగిలింది ఒకటి. అది మీది. సాయంత్రంతో గడువు తీరిపోతుంది."

"తెలుసులే."

"చెప్పకపోతే ఇరవై రెండేళ్ళూ చెరిగిపోతాయి."

"తెలుసన్నానా!"

చెబితే ఆ ఆఖరి ట్యాగు కనబడుతుంది. చెప్పకపోతే మనిషి గొంతు ఆనవాలు కూడా మిగలదు. కాంచన లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, మాటబిళ్ళ సరిచేసుకుని, అవతల సింహాద్రి నిలబడి ఉన్నట్టే మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళ ఆఫీసు తెలుగు జారిపోయి, గార అనే ఊళ్ళో సముద్రపొడ్డున పుట్టిన తెలుగు బయటికొచ్చింది.

"ఏటి మావా, నీకు సిగ్గుందా? మూడేళ్ళకి సంతకం ఎట్టీసి ఆ సంగతి కూర గిన్నె కాడ సెప్తావా? నానేటి, మర బొమ్మనా? గనిమీడ్ల పక్కింటోలుంటారని ఏడాది పొడుగునా ఆశ ఎట్టినావు. నువ్వు మూడేళ్ళన్నావు, నాను ఎనిమిదేళ్ళు ఉండిపోనాను, సూడు. పలకరించీ నాథుడు నేడు. ఈ మర తప్ప..." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "కోపమొచ్చి మాటాడనేదు. అంతేగానీ నువ్వంటే పడక కాదు. ఎల్లిరా మావా. జాగర్త. ఎల్లిరా."

చప్పుడేమీ కాలేదు. తెర మీద సింహాద్రి ఆఖరి సంభాషణ తెరుచుకుంది. కాంచన కళ్ళజోడు తుడుచుకుని చదివింది.

'ఎల్లొస్తానే' అన్న మాటకు ముందు ఒక ట్యాగు ఉంది, వెనక దాని మూత ఉంది. 'బాధ' కాదు, 'ఆశ' కాదు, 'కోపం' అసలే కాదు. 'అలవాటు' అని ఉంది. నాడి డెబ్భై రెండు. ఎదుటివారి మౌనం: గమనించలేదు. ఆ కింద, తలుపు మూసుకునే లోపల తనలో తాను గొణుక్కున్న మాట ఒకటి నమోదైంది. "ఈ కుడిసేతి గ్లౌజు ఎక్కడెట్టినాను?" దానికి మాత్రం 'చిరాకు' అని ట్యాగు.

కాంచనకు ముందు నవ్వొచ్చింది. ఎనిమిదేళ్ళుగా తాను మోసిన ఆ మౌనాన్ని అతను అసలు చూడనే లేదు. గ్లౌజు వెతుక్కుంటూ పోయాడు మహానుభావుడు. పొట్ట పట్టుకుని నవ్వింది. ఈ సంగతి చెబితే తనకంటే గట్టిగా నవ్వే మనిషి ఒక్కడేనని తట్టాక బావురుమని ఏడ్చింది.

చాలాసేపటికి తేరుకుని భానోజీకి ఒక ప్రశ్న పంపింది. "మీ నాన్నగారిది ఏ ట్యాగో అడగొచ్చా?"

మాట వెళ్ళి మాట రావడానికి గంటన్నర పట్టింది.

"అలవాటేనండీ. జేబులో తాళాలున్నాయో లేదో చూసుకుంటూ అన్నారు. నాకు తెలిసినవాళ్ళందరిదీ అదేనండీ కాంచనగారూ. సిగ్గేసి ఎవరం ఒకరితో ఒకరం చెప్పుకోలేదు."