మెర్వ్ షెడ్‌లో ఎర్ర వేళ్ళు

ఆస్ట్రేలియాలో టూవూంబా ఊరు దాటి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్లు పోతే, మట్టిరోడ్డు పక్కన యూకలిప్టస్ చెట్ల మధ్య ఒక రేకుల షెడ్ కనిపిస్తుందట. పగలు చూస్తే మామూలు షెడ్డే. పొద్దు వాలాక మాత్రం ఆ చుట్టుపక్కల వాళ్ళెవరూ దాని ముందు కారు ఆపరు... టైరు పంక్చరయినా సరే.

మెర్వ్ అనే ముసలాయన అందులోనే, పనిబల్ల ముందు నిలబడినవాడు నిలబడినట్టే ప్రాణం వదిలాడు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. అంతవరకు ఫరవాలేదు, గుండె ఎక్కడైనా ఆగచ్చు. కానీ ఆ తర్వాత షెడ్ పక్కనే ఉన్న ఆయన ఇల్లు అద్దెకు తీసుకున్న రెండు కుటుంబాలూ ఆరు నెలలు తిరక్కుండానే సామాను సర్దుకుని పోయాయి. ఎందుకని అడిగితే ఒకటే మాట చెప్పారట — షెడ్ ఖాళీగా లేదు.

అలాంటి చోటుని, చుట్టూ ఉన్న ఐదెకరాలతో సహా, మన ద్వారకానాథ్ వెతుక్కుంటూ పోయి కొన్నాడు.

ఇది ఆయన నాకు స్వయంగా చెప్పిన కథ. సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ గుడికి వచ్చినప్పుడు, భార్య లోపల ప్రదక్షిణలు చేస్తుంటే, బయట కారుకి ఆనుకుని, మాటిమాటికీ గుడి మెట్ల వైపు చూసుకుంటూ చెప్పాడు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ద్వారకానాథ్‌కి అసలే లేదు. యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే మనిషి, లెక్క తేలని దేన్నీ ఒప్పుకోడు. అందుకే ఆయన నోట ఈ కథ వింటుంటే నాకు నవ్వు రాలేదు.

ఆయన భార్య శేషుకుమారికి షెడ్ సంగతి మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. నిదానంగా ఒక షరతు పెట్టింది.

"ఆ షెడ్ గుమ్మం నేను తొక్కను. అక్కడ ఏ చిన్న తేడా కనిపించినా సిడ్నీలో మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ రమ్మని అడగద్దు."

శేషుకుమారి ఒకసారి అన్నదంటే అన్నట్టే. ద్వారకానాథ్‌కి ఆ ఐదెకరాలంటే ప్రాణం. భార్య అంటే అంతకన్నా ప్రాణం. ఆ రెండూ ఆ షెడ్ గుమ్మం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇక ఈ కథలోకి ఒక తుపాకీ వచ్చిన సంగతి. ఇల్లు అమ్మింది మెర్వ్ కూతురు జూడీ. తాళాలు ఇచ్చేటప్పుడు షెడ్ మూలనుంచి ఒక పాత పంప్ షాట్‌గన్ తీసి చేతిలో పెట్టింది. నాన్న దీన్ని కొత్తదానిలా చేయాలని మొదలుపెట్టాడు, పూర్తి చేయలేకపోయాడు, మీకు చేతిపని మీద ఇష్టం ఉంటే తీసుకోండి అంది. 1990లో క్వీన్స్‌లాండ్ పల్లెపట్టున తుపాకీ లేని షెడ్ అరుదు, అందులో వింతేమీ లేదు. ద్వారకానాథ్ జన్మలో ఒక్క కాకిని కూడా కొట్టలేదు. ఆయనకి కావలసింది కాల్చడం కాదు, బాగుచేయడం.

మూడు నెలలు దానితోనే కాపరం చేశాడు. యూని నుంచి రావడం, టీ తాగడం, షెడ్‌లోకి పోవడం. గొట్టం మీద తుప్పంతా గీకి, నల్లగా నిగనిగలాడేలా రంగు తెప్పించాడు. మెర్వ్ ఆరడుగుల మనిషి, మనవాడు ఐదూ నాలుగు. అందుకని భుజానికి ఆనించే చెక్కని ఒక అంగుళం కోసి, చివర రబ్బరు దిండు బిగించాలని గీత గీసుకున్నాడు. ఇక మిగిలింది ఆ చెక్కా, ఎడమ చేత్తో వెనక్కి లాగే చెక్క పిడీ. రెంటి మీదా యాభై ఏళ్ళ వార్నిషు, జిడ్డు. ఉప్పుకాగితంతో ఎంత రుద్దినా వదల్లేదు.

దసరాల్లో ఒక గురువారం రాత్రి, ఆ రెంటినీ ఊడదీసి, రబ్బరు తొడుగులు వేసుకుని, కాస్టిక్ సోడా నీళ్ళతో కడిగాడు. నల్లటి జిడ్డంతా కారిపోయి లేత చెక్క బయటపడింది. ఆ మీదట వినెగర్‌తో తుడిచి సోడా పొగరు అణచాలి. కానీ అప్పటికే బాగా పొద్దుపోయింది. రేపు చూద్దాంలే అని బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి, ఆరబెట్టి వచ్చేశాడు.

మర్నాడు మీటింగులతో ఆలస్యమైంది. ఇంటికొచ్చేసరికి ఏడు దాటింది. వంటింట్లో దీపం వెలుగుతోంది, తాలింపు వాసన వస్తోంది. చెక్క ఆరిందో లేదో ఒక్కసారి చూసొద్దామని బ్యాగు కూడా దించకుండా షెడ్ వైపు నడిచాడు.

తలుపు తోశాడు. స్విచ్ వేశాడు. నలభై వాట్ల బల్బు — వెలుగు కన్నా నీడలే ఎక్కువ.

బల్ల దగ్గరికి వెళ్ళాడు... ఆగిపోయాడు.

పిడి మీద నాలుగు వేళ్ళు.

ఎర్రగా... నెత్తురంత ఎర్రగా... ఎవరో గట్టిగా పట్టుకుని వదిలినట్టు నాలుగు వేళ్ళ గుర్తులు. పక్కనున్న చెక్క మీద, సరిగ్గా మనిషి చెంప ఆనించే చోట, మరో ఎర్రటి చార.

రాత్రి లేవు. తను పెట్టినవి కావు. శేషుకుమారి ఈ గుమ్మం తొక్కదు.

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. అయినా ముందు గుర్తొచ్చింది దెయ్యం కాదు, శేషు. ఇది గనక చూసిందా... రేపు సాయంత్రానికి ఈ ఇంట్లో తనొక్కడే.

గబగబా ఒక గుడ్డ తడిపి తుడిచాడు. పోలేదు. తుడిచిన కొద్దీ ఎరుపు పాకింది — గుడ్డకి, గుడ్డనుంచి ఆయన వేళ్ళకి, వేళ్ళనుంచి చొక్కాకి. ఉప్పుకాగితం తీసుకుని రుద్దాడు. పై పొర లేచింది... కింద కూడా ఎరుపే.

అంత చదువుకున్నవాడివి ఒక్కసారి వాసన చూడచ్చు కదా అన్నాను నేను. నువ్వు ఆ షెడ్‌లో నిలబడి ఉంటే ముక్కు ఎక్కడుందో కూడా గుర్తుండేది కాదు అన్నాడాయన.

ఇక చేసేది లేక ఒక గోనెసంచి లాగి, చెక్కా పిడీ అందులో కుక్కాడు. చీకట్లోనే తీసుకెళ్ళి వెనక చెరువులో పడేద్దామని. మూడు నెలల కష్టం. పోతే పోయింది, శేషు ఉంటే చాలు.

అప్పుడు వినిపించింది — కంకర మీద అడుగుల చప్పుడు.

ఒకటి... రెండు... గుమ్మం దాకా వచ్చి ఆగింది.

తలుపు మెల్లగా తెరుచుకుంది. శేషుకుమారి. చేతిలో పళ్ళెం. గుమ్మం బయట నిలబడి భోజనానికి పిలవాల్సిన మనిషి, ఏమీ ఆలోచించకుండా గడప దాటి లోపలికి వచ్చేసింది. ద్వారకానాథ్ చేతులు వెనక్కి దాచుకున్నాడు గానీ చొక్కా ఎక్కడ దాచుకుంటాడు?

ఆమె చొక్కా చూసింది. సంచి చూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

నవ్వు వినబడింది.

"అయ్యో, కొత్త చొక్కా అండీ. పారాణి మరక, ఊరికే పోతుందా?"

ఆయనకి అర్థం కాలేదు. ఆమె సంచిలోంచి పిడి బయటికి తీసి, పళ్ళెంలోని నిమ్మచెక్క తీసుకుని ఎర్ర గుర్తు మీద రుద్దింది. నెత్తురు లాంటి ఎరుపు ఆయన కళ్ళముందే పచ్చబడింది... పసుపు. వంటింటి పసుపు.

విషయం ఇంతే. ఆ రోజు ఆయుధపూజ. ఆయన మూడు నెలలుగా ఇంత కష్టపడుతుంటే పండగపూట పనిముట్లకి పసుపైనా పెట్టకపోతే ఎలా అనిపించిందట. భయపడుతూనే పసుపు కలుపుకుని వచ్చిందట. చెక్కకి రాయగానే ఎర్రబడింది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడదూ, అలాగే ఆ సోడాకీ ఎర్రబడింది. ఆమె దాన్ని శుభమే అనుకుంది.

ద్వారకానాథ్‌కి ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా చెప్పాడు నాకు ఆ మాట. తన కోసం, అంత భయం దిగమింగుకుని, ఆ గుమ్మం తొక్కింది. అంతలోనే గుర్తొచ్చింది — అది కాస్టిక్ సోడా, ఒట్టి చేతులతో ముట్టుకుంది. గబుక్కున ఆమె చేతులు తీసుకుని బల్బు కిందకి తిప్పాడు.

ఒక్క పొక్కు లేదు. ఒక్క మంట లేదు.

"నాకేం కాలేదండీ. వెంటనే కడిగించేశారుగా."

"ఎవరు?"

"అదే, మీరు సాయానికి పెట్టుకున్న పెద్దాయన. నేను గుమ్మం దగ్గరే తటపటాయిస్తుంటే, 'కమిన్, లవ్', లోపలికి రామ్మా అని పిలిచారు. మనిషి ఉన్నాడు కదా అని అప్పుడు ధైర్యం వచ్చింది. పసుపు రాయగానే, అది కాలుతుంది అని కంగారుపడి, ఆయనే వినెగర్ తెచ్చి నా చేతుల మీద పోశారు. అందుకే మిగతా పనిముట్లకి పెట్టకుండా వచ్చేశాను. ఇప్పుడు పెడదామని ఇదుగో, పళ్ళెం తెచ్చా."

ద్వారకానాథ్‌కి సాయం మనిషి లేడు. ఎప్పుడూ లేడు.

"మంచి మనిషండీ. ఇన్నాళ్ళూ ఊరికే భయపడ్డాను. ఇక ఇక్కడే ఉందాం... ఎక్కడుంటారాయన?"

నిజం చెబితే ఆమె తెల్లారేసరికి సిడ్నీ దారి పడుతుంది. చొక్కా మీది మరక చూసుకుంటూ అన్నాడు.

"దగ్గర్లోనే ఉంటాడు."

అంతవరకు చెప్పి ద్వారకానాథ్ ఆపేశాడు. ఏడాదైంది, ఆ తర్వాత ఏమీ కనిపించలేదా అని అడిగాను. నాకు కనిపించలేదు అన్నాడు. ఆ 'నాకు' అనడంలో ఏదో ఉందనిపించింది గానీ, అంతలోనే శేషుకుమారి గుడి మెట్లు దిగి వచ్చింది. నా చేతిలో ఒక పులిహోర పొట్లం పెట్టింది. లడ్డూ పొట్లం మాత్రం జాగ్రత్తగా సంచిలో దాచుకుంది.

"అది షెడ్‌లో పెద్దాయనకండీ. పులిహోర ఆయనకి ఘాటు... లడ్డూ అయితే ముక్క మిగల్చరు."

నేను ద్వారకానాథ్ వైపు చూశాను. ఆయన కారు తాళాలు వెతుక్కుంటున్నాడు.