రెండు మిల్లీమీటర్ల ఖాళీ

"అది అలాగే పెడితే పట్టదు," అంది చిన్న మేస్త్రీ. లేత్ పని చేసే టర్నర్ తెచ్చిన క్రాంక్‌షాఫ్ట్ ఇంకా గోనెపట్టాలోంచి సగమే బయటికి వచ్చింది.

టర్నర్ నవ్వాడు. "చూడకుండానే చెప్పేస్తున్నారే!"

"నిన్న మీరు నాన్నకి కొలతలు చెబుతుంటే విన్నాను. స్ట్రోక్ నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ. పిస్టన్ కిందికి రెండు ఎక్కువ దిగుతుంది, పైకి రెండు ఎక్కువ వెళ్తుంది. కింద చోటుంది. పైన ఇంజన్ మూత, హెడ్ ఉంది. ఢీకొంటుంది."

"ఆ మాత్రం నాకూ తెలుసండీ. రాడ్డు తగిలించే పిన్ను రంధ్రం రెండు మిల్లీమీటర్లు పైకి ఉన్న పిస్టన్లు వేద్దాం. అప్పుడు పిస్టన్ ఆ మేరకు కిందే ఆగుతుంది."

"పిన్ను పైకి జరిగితే పిస్టన్ నెత్తి పలచబడుతుంది. దానికన్నా పొట్టి రాడ్లు నయం."

"పొట్టి రాడ్డయితే పిస్టన్ సిలిండర్ గోడకి ఒరుసుకుంటుంది."

"మీరెప్పుడైనా ఇంజన్ కట్టారా?"

"మీరు కట్టారా?"

ఆమె కూడా కట్టలేదు మరి. తండ్రి వర్క్‌షాపులో బ్రేకులు, క్లచ్చులు, కార్బురేటర్లు అన్నీ చేసింది. ఇంజన్ మాత్రం పెద్ద మేస్త్రీ ఎవరి చేతా ముట్టించడు. ఆయన మొదటిసారి కూతురికి అప్పగించిన ఇంజన్ ఇదే. అప్పగిస్తూ ఒక మాట కూడా అన్నాడు: "బ్లాక్ పగిలిందో, రేపట్నుంచి ఆఫీసు గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తుకో తల్లీ."

కారు టర్నర్‌ది. మేనమామ వాడి వాడి ఇచ్చాడు. చదును రోడ్డు మీద బుద్ధిమంతురాలు. కొండ దారి ఎక్కితే మాత్రం ఆయాసపడి, నడిచే వాళ్ళకి కూడా దారి ఇచ్చేది. ఇల్లేమో కొండ మీదే ఉంది. ఇంజన్‌కి కాస్త బలం రావాలి, మిగతాదంతా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి. అతని కోరిక అంతే, అందుకే ఎక్కువ స్ట్రోక్ ఉన్న క్రాంక్ తెచ్చాడు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అతను పనిచేసే లేత్ షాపు ఎదురు సందులోనే ఉంది. పిస్టన్లని క్రాంక్‌కి కలిపే రాడ్లను ఆమె, పిన్ను తిరిగే చోట కొత్త బుష్‌లు వేయించడానికి తండ్రి చేత అక్కడికి పంపింది. పని పూర్తయి రాడ్లు తండ్రి చేతే తిరిగి వచ్చాయి. ఏ వస్తువు వచ్చినా కొలవకుండా బల్ల మీద పెట్టని ఆమె, వాటిని మాత్రం కొలవలేదు. అతనితో మాట్లాడటం మానేసింది గానీ, అతని చేతి పనిని అనుమానించాలని ఆమెకి తోచలేదు.

క్రాంక్ కూర్చుంది. ఒక పిస్టన్ ఎక్కించి, దాని నెత్తి మీద పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి క్లే ముద్ద పెట్టి, హెడ్ బిగించి, ఇంజన్‌ని చేత్తో తిప్పింది. ఖాళీ ఎంత మిగిలితే క్లే అంత మందంగా అణగాలి. హెడ్ విప్పి చూస్తే ముద్ద పెద్దగా అణగనే లేదు.

అప్పుడు రాడ్డు కొలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

బయట వాన జోరుగా పడుతోంది. ఒక రాడ్డూ ఒక పిస్టనూ ఏప్రన్‌లో చుట్టుకుని సందు దాటింది.

"ఈ రాడ్లు ఎవరివి?"

అతను లేత్ ఆపాడు. "మీరు పంపినవే."

"నేను పంపినవి వీటికన్నా రెండు మిల్లీమీటర్లు పొడుగు."

అతను తల గోక్కున్నాడు. "పొట్టివే కావాలన్నారుగా! సరే, మీ మాటే నెగ్గనీ అని... చిన్న ఇంజన్ రాడ్లు వెతికి తెచ్చి బుష్‌లు వేశా. చెబితే నవ్వుతారని చెప్పలేదు."

ఆమె పిస్టన్ తీసి బల్ల మీద పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, ఆగిపోయాడు.

"పిన్ను పైకుందేంటండీ?"

"మీరడిగిన పిస్టన్లే తెప్పించాను."

అతను రాడ్డునీ పిస్టన్‌నీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అంటే నేను రెండు, మీరు రెండు..."

"మొత్తం నాలుగు కిందికి దిగింది. రెండు చాలు. పైన ఖాళీ ఎక్కువైతే ఇంజన్‌లో ఒత్తిడి రాదు. ఇలా కడితే ఆవలిస్తూ స్టార్టవుతుంది. కొండ సంగతి దేవుడెరుగు, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే గొప్ప."

ముందు అతను నవ్వాడు. ఆమె ఆపుకోవాలని చూసింది, కుదరలేదు.

"అయితే ఈ పిస్టన్లు తీసేద్దాం. మీరు చెప్పిన రాడ్లే ఉంచండి," అన్నాడు.

"అక్కర్లేదు. మీరు చెప్పిన పిస్టన్లే ఉంచుదాం."

"కాదండీ, రాడ్లే!"

"పిస్టన్లన్నానా!"

"బాగుంది వరస!" గుమ్మంలో గొడుగు ముడుస్తూ పెద్ద మేస్త్రీ. "మొన్నేమో ఎవరి మాట వాళ్ళది. ఇవాళేమో ఎదుటివాళ్ళది. ఆ ఇంజన్ మాట ఎవరికైనా పట్టిందా? మొహమాటంతో బండ్లు నడవవు. కట్టేది నువ్వు, నువ్వు చెప్పు."

ఆమె బల్ల మీది వెర్నియర్ కొలబద్ద అందుకుంది. పిస్టన్ని బోర్లించి నెత్తి మందం చూసింది. పక్కలు చూసింది. తొందరపడలేదు.

"పిస్టన్లు," అంది.

"నా కోసమా?" అన్నాడు టర్నర్ మెల్లిగా.

"కాదు. పలచబడుతుందనుకున్నాను, పడలేదు. తప్పు నాది. పాత రాడ్లు ఇచ్చేయండి."

"మరి నేను తెచ్చినవి?"

"అవి నా దగ్గరే ఉంటాయి. ఇంజన్‌కి కాదు, నాకు."

పెద్ద మేస్త్రీ వాన తగ్గిందేమో చూడటానికన్నట్టు బయటికి తిరిగాడు. తగ్గలేదని తెలుస్తూనే ఉంది.

ఇంజన్ అనుకున్న రోజుకే స్టార్టయింది. కొండ దారిలో ఆమె స్టీరింగ్ పట్టింది, అతను పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో పెద్ద మేస్త్రీ కళ్ళు మూసుకుని ఇంజన్ చప్పుడు వింటున్నాడు. ఎక్కడా టక్కుమనలేదు. నిట్టనిలువు మలుపులో కూడా కారు గేర్ తగ్గించమనలేదు. ఆమె భుజాలు అప్పుడు గానీ వదులు కాలేదు.

"రేపు వచ్చే డీజిల్ ఇంజన్ కూడా నువ్వే విప్పు," అన్నాడాయన, కళ్ళు తెరవకుండా. "ఏమోయ్ అబ్బాయ్, మీ అమ్మగారు ఇంట్లో ఉంటారా ఇప్పుడు?"

"ఉంటారండీ. కారు చూపించడానికా?"

"కారుదేముంది, వాకిట్లోనే ఉంటుంది. మేం లోపలికొస్తాం."